నాలుగేళ్ల పిల్లలు కథల పుస్తకం దగ్గర కూర్చోకపోతే ఏం చేయాలి?

నాలుగేళ్ల బాబుకి రాత్రిపూట తెలుగు కథల పుస్తకం చదివిద్దామంటే రెండు పేజీలు కూడా కూర్చోవడం లేదని అడిగారు. రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ అచ్చం ఇదే పరిస్థితి. మాది హన్మకొండ. మా పాపకి అప్పుడే నాలుగు నిండాయి.

మీరు రాసిన "చదివిద్దామంటే" అన్న మాట చూడగానే నాకు నేను చేసిన పొరపాటు గుర్తొచ్చింది. ప్రతి అక్షరం కింద వేలు పెట్టి "ఇదేంటి? మొన్న చెప్పిన కదా" అని అడిగేవాణ్ణి. కథలో మేకపిల్ల వాగు దాటాలి, నేనేమో ఒత్తుల దగ్గరే పాపను ఆపేసేవాణ్ణి. వారం తిరిగేసరికి ఆ పుస్తకం బియ్యం డబ్బా వెనక దొరికింది. తనే దాచింది. నాకు చాలా బాధేసింది. కథంటే దానికి ఇష్టమే, నా ప్రశ్నలంటేనే భయం.

ఆ రోజు నుంచి అడగడం మానేశాను. నేను చదువుతాను, తను వింటుంది, అంతే.

ఇంకో ఇబ్బంది పుస్తకాల భాష. "మేకపిల్ల అటూ ఇటూ చూడసాగింది" అని చదివితే పాప నా మొహం చూసేది. మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అందుకని మొదటి రెండు మూడు సార్లు "మేకపిల్ల అటిటు చూస్తుండె" అని మా మాటల్లోనే చెప్పేవాణ్ణి. కథ వంటబట్టాక అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. కొన్ని రోజులకి అన్నం ముందు కూర్చుని "నాన్నా, నేను పప్పన్నం తినసాగాను" అంది! మీది ఏ ప్రాంతమైనా సరే, ముందు మీ ఇంటి మాటలోనే చెప్పండి.

మా అమ్మకి చదువు రాదు. ఒకరోజు పాప పుస్తకం తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టింది. అమ్మ బొమ్మలు చూసుకుంటూ తనకు తోచిన కథ చెప్పింది. వాగు దగ్గరికి నక్క కూడా వచ్చింది. పాప ఊరుకోలేదు. "గట్ల లేదు బాపమ్మా, ఈడ నక్క లేదు" అని అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. బొమ్మ చూసి ఎవరికి తోచింది వాళ్లు చెప్పొచ్చు కానీ, రాసింది మాత్రం ఎవరు చదివినా మారదని దానికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నేను వారమంతా అక్షరాలు అడిగినా రానిది అలా వచ్చింది. మీ ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లు ఉంటే తప్పకుండా వాళ్ల చేతికీ పుస్తకం ఇవ్వండి.

అక్షరాలు ఆ తర్వాత మెల్లగా వచ్చాయి. మెడికల్ షాపు బోర్డు చూసి "మేక మే!" అని అరిచింది. అది మె, మే కాదు. కానీ నేను సరిదిద్దలేదు, "అవును, మేకలాగే ఉంది" అన్నాను. ఎత్వానికీ ఏత్వానికీ తేడా బడిలో చెప్పినప్పుడు తెలుసుకుంది.

పుస్తకాలకి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. మొదటి లెవెల్‌వి తీసుకోండి, వాక్యాలు చిన్నగా ఉంటాయి. నేను జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్‌లో తీయించి, పిన్ను కొట్టి ఇచ్చాను. బొమ్మలకి పాపే రంగులు వేసుకుంది. ఆ పుస్తకాలను మాత్రం ఎప్పుడూ దాచలేదు.

ఇక కూర్చోకపోవడం గురించి. బలవంతంగా కూర్చోబెట్టకండి! మా పాప మంచం చుట్టూ తిరుగుతూనే వినేది. నేను కావాలని ఒక వాక్యం వదిలేస్తే వెంటనే ఆగి పట్టుకునేది. రాత్రి నిద్రమత్తులో చిరాకు పడుతుంటే సమయం మార్చి చూడండి. మాకు సాయంత్రం స్నానం అయ్యాక ఒక పది నిమిషాలు కుదిరింది. అదే పుస్తకం నెల రోజులు అడిగినా, అదే చదవండి.