గవర్నర్‌కి అప్లికేషన్ పెట్టే ముందు

అమ్మలూ,

జడ్జి పోస్టుకి అప్లికేషన్ పెడుతున్నానని, ఎప్పటికైనా కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో ఆ ఏడుగురి పక్కన కుర్చీ వేయించుకోవాలని ఉందని ఫోన్లో గొణిగినట్టు చెప్పావు. అంత సిగ్గెందుకు? ఫ్రెస్నోలో ముప్పై ఏళ్లు లాయర్‌గా తిరిగినవాణ్ణి, నాకు తోచింది చెప్తాను.

ముందు దగ్గరున్న పని. గవర్నర్ నీ పేరు పరిశీలనకి పంపగానే, స్టేట్ బార్ (ఈ రాష్ట్ర లాయర్ల సంస్థ) కమిషన్ నిన్నెరిగిన లాయర్లకీ జడ్జీలకీ గుట్టుగా ఫారాలు పంపుతుంది. నీ చేతిలో ఓడినవాళ్లకీ, నిన్ను ఓడించినవాళ్లకీ అవి వెళ్తాయి. నేనూ ఒకసారి పెట్టుకున్నాను, రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పరు. కానీ ఓసారి ఒక కుర్ర లాయర్ని అందరి ముందూ కసిరాను. ఆ ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. నీ నోరు నా నోరే, జాగ్రత్త.

తరవాత రోజర్ ట్రేనర్ని చదువు. బర్కిలీలో పాఠాలు చెప్పుకునే ఆయన్ని, అంతకుముందు జడ్జిగా పనిచేయకపోయినా, 1940లో నేరుగా ఆ కోర్టుకి తీసుకెళ్లారు. 1944లో ఒక కేసు వచ్చింది. హోటల్లో పనిచేసే అమ్మాయి కోకాకోలా సీసాలు ఫ్రిజ్‌లో సర్దుతుంటే ఒకటి చేతిలోనే పేలింది. (ఆ బాట్లింగ్ కంపెనీ మా ఫ్రెస్నోదే!) కంపెనీ అజాగ్రత్త ఉందని ఊహించవచ్చంటూ మిగతా జడ్జీలు ఆమెకే తీర్పిచ్చారు. ట్రేనరూ ఆమె గెలవాలనే అన్నాడు, కారణం మాత్రం వేరే చెప్పాడు. సరుకులో లోపముండి మనిషికి దెబ్బ తగిలితే, అజాగ్రత్త రుజువైనా కాకపోయినా తయారుచేసినవాడిదే బాధ్యత అని విడిగా రాశాడు. అప్పటికి ఆ మాట ఆయనొక్కడిదే. 1963లో, భార్య క్రిస్మస్‌కి కొనిచ్చిన చెక్కపని యంత్రంలోంచి కర్రముక్క ఎగిరి నుదుటికి తగిలినాయన కేసు వచ్చింది. ఈసారి అదే మాటని కోర్టు తరఫున ట్రేనరే రాశాడు. పందొమ్మిదేళ్లు పట్టింది. చిత్రమేమిటంటే, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పెళ్లాడకూడదన్న చట్టాన్ని ఆ కోర్టు 1948లో నాలుగు-మూడు తేడాతో కొట్టేసింది. అందులో ప్రధాన అభిప్రాయం ట్రేనర్‌దే. అమెరికా సుప్రీంకోర్టు 1967లో గానీ అక్కడికి రాలేదు. అదీ పందొమ్మిదేళ్లే!

ఇక టెన్షన్ పెట్టే సంగతి. మన ఇండియాలో హైకోర్టు జడ్జి 62 ఏళ్లకి ఇంటికెళ్తాడు, మధ్యలో ఓటర్ల బెడద లేదు. ఇక్కడ పై కోర్టుల్లో గవర్నర్ నియమించాక, ముగ్గురుండే మరో కమిషన్ ఒప్పుకున్నాక కూడా, ఉంచాలా వద్దా అని బ్యాలెట్ మీద జనాన్ని అడుగుతారు. రోజ్ బర్డ్ 1977లో ఆ కోర్టుకి తొలి మహిళా చీఫ్ జస్టిస్ అయింది. తన ముందుకొచ్చిన ప్రతి మరణశిక్షనీ రద్దు చేయాలనే ఓటేసింది. 1986 నవంబరులో జనం ఆవిడనీ, ఆవిడతోపాటు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్‌లనూ ఇంటికి పంపారు. ప్రతిసారీ అలా ఓటేయడం సబబేనా అంటే నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ రేపటి ఓట్లు లెక్కేసుకుంటూ తీర్పు రాసే జడ్జికన్నా ఆవిడే నయమంటాను. ఉద్యోగం పోయినా నీ ఇల్లు గడిచేలా ముందే చూసుకో. ఇంటి లోన్ మరీ పెద్దది పెట్టుకోకు.

ఇంకొకటి, నీకోసమే చెప్తున్నాను. విచారణ పూర్తయి తీర్పుకి పెట్టిన కేసు 90 రోజులు దాటి పెండింగ్‌లో ఉంటే, అది తేలేదాకా జడ్జికి జీతం ఉండదని ఈ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాశారు. నువ్వేమో నీ పెళ్లికార్డు మేటర్నే మూడు నెలలు దిద్దావు. ఆ అప్లికేషన్ నెలాఖరులోగా నాకు పంపు, చూసిస్తాను. పెద్ద కేసులు రాయమన్న చోట ఓడిపోయినవి కూడా రాయి.

మీ పెదనాన్న