బారువ ఇంటి స్లైడింగ్ తలుపు గురించి

సోంపేట.

చిరంజీవి బాబును ఆశీర్వదించి పెదనాన్న రాయునది.

బారువలో కడుతున్న ఇంటికి సముద్రం వైపు వరండాలోకి 8 అడుగుల వెడల్పున స్లైడింగ్ తలుపు పెడుతున్నావనీ, బిగించే పని ఎవరికీ అప్పగించకుండా నువ్వూ నీ స్నేహితుడూ చేసుకోబోతున్నారనీ మీ నాన్న నిన్న చెప్పాడు. నీ ఇంటికి నువ్వే తలుపు బిగించుకుంటానన్నందుకు గర్వంగా ఉంది. అది తూర్పు గోడకు అని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

కొలతల సంగతి నీకు తెలిసినదే. వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల చూడు. ఎత్తూ అలాగే మూడు చోట్ల చూడు. మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా రావాలి. ఫ్రేముకు చుట్టూ కాస్త సందు ఉండాలి కనుక అతి తక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకో. టఫెన్డ్ అద్దాన్ని, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దాన్ని, తయారైన తరువాత కోయడం కుదరదు; అందువల్ల గోడల ప్లాస్టరింగు పూర్తయి, ఫ్లోరింగు ఎత్తు ఖాయమయ్యేదాకా ఆర్డరు ఇవ్వవద్దు. తడి సిమెంటు అల్యూమినియాన్ని తినేస్తుంది, ఫ్రేము మీద రక్షణకు అంటించిన టేపును ఆ పనులు ముగిసేదాకా ఉంచు. ఉప్పుగాలిలో ఇనుప స్క్రూలు ఎక్కువ కాలం నిలవవు. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం అడిగి తెచ్చుకో.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

2017లో మన సోంపేట ఇంటి తూర్పు గదికి ఇలాంటి తలుపే పెట్టించాను. బిగించిన మర్నాడు మామ్మ వచ్చి చూసి, "గడప లేని గుమ్మమేమిటిరా, పసుపు ఎక్కడ రాయాలి?" అంది. ఆ మాటకు నా మనసు నిలవలేదు. మేస్త్రి వద్దంటున్నా వినకుండా, బయటివైపు ట్రాక్‌ను, అంటే రెక్కలు జరిగే కింది గాడిని, ఆనించి రెండంగుళాల ఎత్తున నల్ల గ్రానైటు గడప వేయించి, సందులన్నీ సిమెంటుతో పూడ్పించాను. ట్రాక్ బయటి అంచున వేలెడు పొడవున సన్నటి చీలికలు నాలుగు ఉంటాయి. అవి చీమలు దూరడానికి తప్ప ఎందుకూ పనికిరావనుకున్నాను. ట్రాక్‌లో పడిన వాన నీరు బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటేనని అప్పుడు నాకు తెలియదు. మామ్మ ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి బొట్లు పెడుతుంటే, మంచి పని చేశాననుకుంటూ ఏడాది గడిపాను.

2018 అక్టోబరు 11, శరన్నవరాత్రులు మొదలైన మరునాడు. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలి సముద్రం మీద నుంచి నేరుగా మన తూర్పు గోడకు కొట్టింది. కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడులో మరేమీ వినపడలేదు. టార్చిలైటు వేసి చూసేసరికి ట్రాక్ నిండా నీరు ఉడుకుతున్నట్టు కదులుతూ, లోపలి అంచు దాటి పలచటి పొరలా గచ్చు మీదికి జారుతోంది. ఆ గదిలోనే మామ్మ మంచం. కరెంటు లేదు. ఆమెను ఎత్తుకుని వంటగదిలోకి తీసుకుపోతుండగానే మా వెనక ఆ స్లైడింగ్ తలుపు రెక్క ఒకటి పైకి లేచి, ట్రాక్ తప్పి, మంచం మీద పడింది. ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఇవాళ్టికీ తలచుకోలేను. తెల్లవారాక చూస్తే ఫ్రేమును పక్కకు రెండేసి స్క్రూలతో బిగించి, మిగిలినదంతా సందులు పూడ్చే సిలికాన్ జిగురుతో కప్పారు. అది నేను దగ్గరుండి చూసుకోవలసిన పని. చూసుకోలేదు.

అందుకే నాన్నా, ఈ మూడు విషయాల్లో నా మాట దాటవద్దు. ఫ్రేమును అన్ని మూలలకూ జానెడు లోపు ఒకటి, ఆపైన రెండడుగులకు మించని దూరంలో ఒక్కొక్కటి చొప్పున గోడ లోతుకు దిగే ఫాస్టెనర్లతో బిగించు. సిలికాన్ నీటిని ఆపుతుందే గాని ఫ్రేమును పట్టి ఉంచదు. రెండోది, రెక్కను పైకెత్తి ట్రాక్‌లో దించుతాం కనుక గాలి కూడా దాన్ని అలాగే ఎత్తగలదు. పై చానెల్‌లో, అంటే పై గాడిలో, రెక్క లేవకుండా ఆపే దిమ్మలు తప్పక పెట్టించు. మూడోది, వరండా గచ్చు ట్రాక్ చీలికల కన్నా కనీసం రెండంగుళాలు పల్లంగా, బయటికి వాలుగా ఉండాలి.

మరొకటి. 6 మిల్లీమీటర్ల అద్దమైతే ఒక్కొక్క రెక్కలో అద్దం బరువే 40 కిలోల దాకా వస్తుంది. మీరిద్దరే మోస్తామని మొండిపట్టు పట్టవద్దు. పోయిన ఏడు పంపుసెట్టు ఒక్కడివే ఎత్తబోయి నడుము పట్టి పదిరోజులు మంచాన పడ్డావు. మీ అమ్మ కాపడం పెడుతూ కంటతడి పెట్టుకోవడం నేను చూశాను. ఇంకో ఇద్దరిని పిలుచుకో, చేతులకు తొడుగులు వేసుకో, గాలి ఉన్న పూట అద్దాన్ని ముట్టుకోవద్దు.

గడప విషయం మామ్మ మళ్లీ అడుగుతుంది. అడగనీ. ఈసారి గడపను ట్రాక్‌కు లోపలివైపున వేయించు. పసుపు రాసుకోవడానికి అదే సరిపోతుంది, ట్రాక్ పొంగితే నీటికి అడ్డుగా కూడా నిలుస్తుంది. బయటివైపు మాత్రం చెంచాడు సిమెంటు కూడా పడకూడదు.

వచ్చే ఆదివారం ఉదయం మామ్మను తీసుకుని బారువ వస్తాను. చెంబెడు నీళ్లు ట్రాక్‌లో పోసి, నాలుగు చీలికల నుంచీ బయటికి పోవడం నా కళ్లతో చూసేదాకా సిలికాన్ ట్యూబు మూత తీయవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న