ఐదు రోజుల్లో సంతకం పెట్టమంటున్నారు, పెట్టేయాలా?

ప్రశ్న: అమెరికాలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. వయసు 47. పోయిన వారం మా టీంలో ఆరుగురిని ఒకేసారి తీసేశారు, అందులో నలుగురం నలభై ఐదు దాటినవాళ్లమే. ఎనిమిది వారాల జీతం సెవరెన్స్‌గా ఇస్తారట, అయితే కంపెనీ మీద కేసు వేయనని రాసున్న అగ్రిమెంట్ మీద ఐదు రోజుల్లో సంతకం పెట్టాలట. పెడితే ఇక కోర్టుకి వెళ్లడం కుదరదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆ ఐదు రోజుల మాటకి కంగారు పడి సంతకం పెట్టేయకండి. నలభై ఏళ్లు నిండిన ఉద్యోగి వయసు వివక్ష కేసు వేసే హక్కు వదులుకోవాలంటే, ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలని 1990లో వచ్చిన ఫెడరల్ చట్టం చెప్తోంది. మీలా కొంతమందిని కలిపి తీసేసినప్పుడైతే 45 రోజులు. పైగా ఎవరిని తీశారో, ఎవరిని ఉంచారో వాళ్ల ఉద్యోగాలు, వయసులతో ఒక జాబితా కూడా ఇవ్వాలి. అది మీ చేతికి వచ్చిందా? రాకపోతే అడగండి, ఈమెయిల్‌లోనే అడగండి. సంతకం పెట్టాక కూడా ఏడు రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, ఆ ఏడు రోజుల్ని తగ్గించే అధికారం ఎవరికీ లేదు.

ఈ నియమాలు పాటించని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టినా వయసు వివక్ష కేసు వేసే హక్కు పోదు. ఎంటర్జీ అనే కంపెనీ ఒక ఉద్యోగినికి 14 రోజులే గడువిచ్చింది, ఆవిడ డబ్బు తీసుకుని ఆ తర్వాత కేసు వేసింది. డబ్బు తిరిగిచ్చాకే కోర్టుకి రావాలని కంపెనీ వాదిస్తే, అక్కర్లేదని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఇది వయసు విషయానికే. జాతి, లింగం లాంటి వివక్షల మీద అయితే, తెలిసి, ఇష్టపడి పెట్టిన సంతకం మామూలుగా చెల్లుతుంది. అందుకే పెట్టేశాక చూసుకుందాంలే అనుకోవద్దు.

సెవరెన్స్ ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం ఎక్కడా చెప్పదు. అంటే ఆ ఎనిమిది వారాల జీతం మీ కేసు హక్కుకి వాళ్లు కట్టిన ధర, ఇంకొంచెం పెంచమని అడగడంలో తప్పేమీ లేదు. మీరు పనిచేసిన రోజుల జీతం మాత్రం వేరే లెక్క, సంతకం పెట్టినా పెట్టకపోయినా అది ఇవ్వాల్సిందే. సంతకం పెడితేనే ఆఖరి జీతం అంటే అస్సలు ఒప్పుకోకండి.

ఇంకో సంగతి, ఏ అగ్రిమెంట్ అయినా ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు చేసే హక్కుని, వాళ్ల విచారణలో సాక్ష్యం చెప్పే హక్కుని తీసేయలేదు. ఆ ఫిర్యాదు వల్ల వచ్చే డబ్బుని వదులుకుంటానని మాత్రం రాయించుకోవచ్చు, ఆ లైన్ ఉందేమో చూడండి.

ఈ వారమే ఉద్యోగ కేసులు చూసే లాయర్‌కి అగ్రిమెంట్ చూపించండి. లాయర్‌ని సంప్రదించమని ఆ కాగితంలోనే రాసి ఉండాలి, అది లేకపోయినా లోపమే. కంపెనీతో బేరం సాగుతున్నా ఈఈఓసీకి ఫిర్యాదు చేసే గడువు ఆగదు: 180 రోజులు, వయసు వివక్ష మీద మీ రాష్ట్రానికి సొంత చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఉంటే 300 రోజులు. తీసేస్తున్నామని చెప్పిన రోజు నుంచే లెక్క, ఆ తేదీ ఇప్పుడే రాసి పెట్టుకోండి.