అండాశయం, గర్భసంచి ఒకటేనా?

సందేహం: మా అత్తగారికి ఆపరేషన్ చేసి గర్భసంచి తీశారు, ఓవరీలు ఉంచారు. అండాశయమన్నా గర్భసంచన్నా ఒకటే అంటున్నారు ఇంట్లో. పిల్లల పాఠ్యపుస్తకంలో స్త్రీ బీజకోశం అని ఉంది. నిఘంటువు చూస్తే అండకోశం మగవాళ్లదట! ఏ మాట వాడాలి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: రెండూ ఒకటి కావమ్మా. ఈ సంగతి ముందు ఇంట్లో అందరికీ చెప్పండి. గర్భసంచి బిడ్డ పెరిగే చోటు. అది తీసేస్తే నెలసరి ఆగిపోతుంది, గర్భం రాదు. దానికి రెండు పక్కలా ఉండేవి అండాశయాలు, అంటే ఓవరీలు. నెలనెలా అండాన్ని విడుదల చేసేవీ, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను రక్తంలోకి వదిలేవీ అవే. మెనోపాజ్ రాకముందే రెండు అండాశయాలనూ తీసేస్తే ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. మీ అత్తగారికి వాటిని ఉంచారు. రేపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా “గర్భసంచి తీశారు, అండాశయాలు ఉన్నాయి” అని రెండూ చెప్పండి.

నిఘంటువులోనూ తప్పు లేదు. సంస్కృతంలో అండం అంటే గుడ్డు, వృషణం కూడా. అమరకోశం ముష్కం, అండకోశం, వృషణం అనే మూడు మాటలనూ ఒకే అర్థంలో చెప్పింది. వరిబీజాన్ని అండవృద్ధి అనడం ఆ పాత అర్థంలోనే. అండాశయంలో ఉన్నది మాత్రం గుడ్డు అన్న అర్థం. ఆశయం అంటే ఉండే చోటు. మూత్రాశయం, జీర్ణాశయం అలా వచ్చినవే. అండకోశం అంటే ఎవరిదో తేలదు కాబట్టి ఇప్పటి రాతలో దాన్ని మానేయడమే మంచిదని నా అభిప్రాయం.

బీజకోశం ఆడ, మగ ఇద్దరికీ చెల్లుతుంది. అందుకే పాఠ్యపుస్తకం ‘స్త్రీ’ అని ముందు చేర్చింది. మగవారి ముష్కాలు శుక్రకణాలతో పాటు టెస్టోస్టిరాన్‌ను తయారుచేస్తాయి. యుక్తవయసులో గొంతు మారడం, గడ్డం మీసం రావడం ఆ హార్మోను పనే. కోశం అనగానే బీజాలు దాచే సంచి అనిపిస్తుంది, హార్మోన్ల పని గుర్తుకు రాదు. ఇద్దరివీ కలిపి చెప్పాల్సినచోట నేనైతే బీజగ్రంథులు అంటాను. అన్నట్టు, అది గ్రంథి. చాలామంది రాస్తున్నట్టు గ్రంధి కాదు.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఓవరీ అన్నా తప్పులేదు. రాసేటప్పుడు అండాశయం అని రాయండి.