కథలో అమ్మాయి చనిపోతే నాకెందుకింత దుఃఖం?

ప్రశ్న: నేను 22 ఏళ్ళ అమ్మాయిని. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. డిగ్రీ చదివిన మూడేళ్ళూ నాతోపాటు పంటు మీద గోదావరి దాటి నరసాపురం వచ్చిన స్నేహితురాలిని ప్రేమించాను. తనకూ నేనంటే ప్రేమే. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ మధ్య ‘ది హండ్రెడ్’ అనే అమెరికా సీరియల్‌లో లెక్సా అనే పాత్ర, ప్రేమించిన అమ్మాయికి దగ్గరైన కాసేపటికే చనిపోవడం చూసి మూడు రోజులు అన్నం సహించలేదు. “టీవీలో మనిషి పోతే ఇంట్లో శవం లేచినట్టు ఏడుస్తావేమే” అని అమ్మ కోప్పడింది. మాలాంటి వాళ్ళకు చివరికి అంతేనా?

జవాబు: మీ దుఃఖంలో తప్పేమీ లేదు. మీ ఊళ్ళో, చుట్టాలలో, మన సీరియళ్ళలో మీ వంటి ప్రేమ ఒక్కటీ కనబడనప్పుడు, పరాయి కథలో దొరికిన ఆ ఒక్క మనిషిని చూసి నా బతుకూ ఇలా సాగుతుందేమోనని ఆశ పెట్టుకుంటాం. 2016 మార్చిలో ఆ భాగం ప్రసారమైనప్పుడు ఎందరో మీలాగే కుమిలిపోయారు. ఆ బాధలోనే, ఇటువంటి పిల్లలను ఆత్మహత్యల నుంచి కాపాడే ఒక సంస్థకు లక్ష డాలర్లకు పైగా చందాలు పోగుచేశారు. సీరియల్ నిర్మాత బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు.

లెక్సాను చంపింది కథలు రాసేవారికి పడిన ఒక పాత అలవాటు. 1934 నుంచి 1968 వరకు హాలీవుడ్ సినిమాలకు ఉన్న నియమావళి ఇటువంటి ప్రేమను తెరమీదికి రానివ్వలేదు. ఎవరైనా చాటుమాటుగా చూపినా, ఆ మనిషికి శిక్షో చావో రాస్తే తప్ప కథ గట్టెక్కేది కాదు. నియమావళి పోయింది గాని అలవాటు పోలేదు. 2002లో ‘బఫీ’ సీరియల్‌లో టారా అనే అమ్మాయి, దూరమైన ప్రియురాలితో మళ్ళీ కలిసిన వెంటనే, వేరొకరికి గురిపెట్టిన తూటా తగిలి చనిపోయింది. పద్నాలుగేళ్ళ తర్వాత లెక్సాకు తగిలిందీ వేరొకరికి గురిపెట్టిన తూటాయే! అయితే 2020లో ముగిసిన ‘షిట్స్ క్రీక్’ అనే సీరియల్ చివరి భాగంలో ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకున్నారు, వారిలో ఒకరి తల్లే దగ్గరుండి ఆ పెళ్ళి జరిపించింది. మీరు అది కూడా చూడాలని నా కోరిక.

మన దేశంలో మీ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. పెళ్ళికి గుర్తింపు ఇవ్వడానికి మాత్రం 2023లో ఒప్పుకోలేదు, అది చిన్న లోటని నేను అనను. అందువల్ల ఈ ఏడుపు వేడిలో ఇంట్లో అంతా చెప్పేయవద్దు. ముందు ఒక ఉద్యోగం, అవసరమైతే తలదాచుకునే చోటు చూసుకోండి. ఎవరైనా మిమ్మల్ని ‘మార్చే’ వైద్యం చేయిస్తామంటే, జాతీయ వైద్య కమిషన్ 2022లోనే దానిని వైద్యవృత్తిలో తప్పిదంగా ప్రకటించిందని గుర్తుంచుకోండి. తిండీ నిద్రా ఇంకా కుదుటపడకపోతే మానసిక బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అమ్మ మళ్ళీ అడిగితే, “ఆ పిల్లను చంపకుండా ఉండాల్సిందమ్మా, బతికుంటే ఇద్దరూ సుఖంగా ఉండేవాళ్ళు” అని మాత్రం చెప్పి చూడండి. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాటకు ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.