టర్కీ వేటకు ఏ విల్లు కొనాలి?

"అన్నా, హెచ్‌1బి మీద డల్లాస్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో ఒక కొలీగ్ వచ్చే వసంతంలో టర్కీ కోళ్ల వేటకు రమ్మంటున్నాడు. తుపాకీ నాకు ఇష్టం లేదు, పాత పద్ధతి విల్లుతో వెళ్లాలని ఉంది. వీసా మీద ఉన్నవాళ్లు విల్లు కొనొచ్చా? కొంటే ఎలాంటిది కొనాలి?"

తమ్ముడూ, ముందు వీసా సంగతి తేల్చుకుందాం. నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ దాన్ని నమ్ముకునే ముందు లాయరుతో మాట్లాడుకోవాలి. విల్లు మాత్రం ఆ చట్టం లెక్కలో ఫైర్‌ఆర్మ్ కాదు. కొనుక్కోవడానికి నీ వీసా అడ్డు రాదు. అయితే లైసెన్స్ లేకుండా వేటాడితే విల్లయినా కేసే. ఆ కేసు గురించి రేపు ఇమిగ్రేషన్ ఫారాల్లో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, కాబట్టి ఇక్కడ కక్కుర్తి పడొద్దు.

టెక్సస్‌లో వరసగా ఆరు నెలలు దాటి ఉన్నావు కాబట్టి నీకు రెసిడెంట్ లైసెన్సే వస్తుంది. నేను తీసుకునేది 25 డాలర్లు, దాని మీద టర్కీ కోసం అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతికి మరో 7 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తి చెయ్యొచ్చు. తప్పదు కాబట్టి చేశాననిపించుకోకుండా శ్రద్ధగా చదువు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పెరిగిన మనకు వేట నియమాలేవీ ఇంట్లో నేర్పినవాళ్లు లేరు. ఇక్కడి పిల్లలు తాతల వెంట తిరిగి నేర్చుకున్నది మనం ఆ కోర్సులోనే నేర్చుకోవాలి.

ఇక విల్లు. మూడు రకాలు వింటావు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ చేతిలో చూసేది కాంపౌండ్. చివర్లలో చక్రాలుంటాయి, నిండా లాగాక బరువు, అంటే నారిని లాగి పట్టడానికి కావాల్సిన బలం, చాలావరకు తగ్గిపోతుంది, కాసేపు అలాగే పట్టుకుని ఉండొచ్చు. మన విలుకాడు ధీరజ్ ఒలింపిక్స్‌లో వాడింది రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండేది, కానీ దానికి సైటు, స్టెబిలైజర్లు, క్లిక్కరు లాంటి సాయపడే పరికరాలు ఉంటాయి. పాత పద్ధతి అంటే ఇవేమీ లేని రికర్వ్, లేదా లాంగ్‌బో. గురి అంతా నీ కంటిదీ చేతిదీ. నిండా లాగాక బరువు మొత్తం నీ వేళ్ల మీదే ఉంటుంది. టర్కీ వేటలో కష్టమంతా ఇక్కడే ఉంది.

నా మొదటి విల్లు 55 పౌండ్లది. దుకాణంలో నిలబడి మూడుసార్లు లాగాను, లాగగలిగాను, కొనేశాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్సస్‌లోని లానో దగ్గర ఒక రాంచ్‌లో తెల్లవారకముందు నుంచి చిన్న స్టూలు మీద కూర్చున్నాను. రెండు గంటల తర్వాత పుంజు పన్నెండు గజాల్లోకి వచ్చింది. చలికి భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి, కూర్చున్న భంగిమలో వీపు బలం అందలేదు. దవడ దాకా రాకముందే నారి వేళ్లలోంచి జారిపోయింది. బాణం రెక్కకు తగిలింది, పుంజు లేచి ఎగిరిపోయింది. చీకటి పడేదాకా వెతికాను, దొరకలేదు. గాయపడ్డ పక్షి ఆ పొదల్లో ఎక్కడో చచ్చి ఉంటుందన్న బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే నిన్ను బతిమాలి చెబుతున్నాను, బరువు విల్లు కొనకు.

కూర్చుని, జాకెట్ వేసుకుని, నిండా లాగి, వణకకుండా మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టగలిగిన విల్లే నీ విల్లు. మనలో చాలామందికి అది 40, 45 పౌండ్ల దగ్గర ఆగుతుంది. దగ్గరి దూరంలో, పదునైన ములికితో టర్కీకి అది చాలు. కొన్ని రాష్ట్రాల్లో ఇంత బరువు తగ్గకూడదన్న నియమం ఉంటుంది. వేరే రాష్ట్రానికి వెళ్తే ఆ ఏటి నియమాల పుస్తకం చూసుకో.

విల్లు మీద రాసిన అంకె నీ చేతికి అందే బరువు కాదు. ఆ అంకె 28 అంగుళాలు లాగితే వచ్చేది. రెండు చేతులూ చాచి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచి 2.5తో భాగిస్తే నీ డ్రా లెంగ్త్, అంటే నువ్వు నారి లాగే దూరం, సుమారుగా వస్తుంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి చేతుల చాపు 66 అంగుళాలనుకో, డ్రా 26 చిల్లర. అంగుళం తగ్గిన కొద్దీ రెండు మూడు పౌండ్లు తగ్గుతాయి. అంటే 45 అని రాసి ఉన్న విల్లు నీ చేతిలో 41 దగ్గర ఉంటుంది. దుకాణంలో బో స్కేల్ పెట్టి నీ డ్రా దగ్గర తూయమని అడుగు.

కొత్తవాళ్లకు నేను టేక్‌డౌన్ రికర్వ్ చెబుతాను. లింబ్స్, అంటే పిడికి పైనా కిందా ఉండే వంగే భాగాలు, విప్పి మార్చుకోవచ్చు. మొదట 30 పౌండ్ల లింబ్స్‌తో నేర్చుకుని, భుజం బలపడ్డాక అదే పిడికి 40 లింబ్స్ వేసుకోవచ్చు. చాలామంది సమిక్ సేజ్ లాంటి 62 అంగుళాల విల్లుతో మొదలుపెడతారు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఇంకాస్త పొట్టిది కావాలంటే బేర్ గ్రిజ్లీ 58 అంగుళాలది, కానీ అది విప్పేది కాదు, ఒకే ముక్క. 68 అంగుళాల లాంగ్‌బో చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా బ్లైండ్‌లో, అంటే మనం దాక్కునే గుడ్డ గుడారంలో, పై కొస కప్పుకి తగులుతుంది. మరీ పొట్టి విల్లయితే నారి వేళ్లను నొక్కేస్తుంది. మనకు డ్రా తక్కువ కాబట్టి 58 నుంచి 62 హాయిగా సరిపోతాయి. కొనే ముందు నీ బలమైన కన్ను ఏదో చూసుకో. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఎడమచేతి విల్లు నేర్చుకుంటేనే మేలు.

విల్లుతో పాటు బో స్ట్రింగర్, అంటే నారి ఎక్కించడానికి వాడే తాడు, కొను. కాలితో అదిమి నారి ఎక్కిస్తే లింబ్ మెలిపడుతుంది. బాణం లేకుండా ఉత్తి నారి లాగి వదలొద్దు, ఇంటికొచ్చిన పిల్లల్నీ వదలనివ్వొద్దు, విల్లు పగిలిపోవచ్చు. పాత విల్లు సెకండ్‌హ్యాండ్‌లో కొంటే దానికి డేక్రాన్ నారే వెయ్యి. కొత్తరకం ఫాస్ట్‌ఫ్లైట్ నారి సాగదు, బలం లేని పాత కొసల్ని చీల్చేస్తుంది. నారికి సైలెన్సర్లు కట్టుకో, టర్కీ చెవి చురుకు.

బాణాల దగ్గర చాలామంది డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. నన్నడిగితే విల్లులో తగ్గించి బాణాల్లో పెట్టమంటాను. బాణం ఎంత వంగుతుందన్న లెక్కని స్పైన్ అంటారు. అది నీ విల్లు బరువుకి కుదరకపోతే ఎంత సాధన చేసినా బాణం పక్కకే పోతుంది. బరువు విషయానికొస్తే పౌండుకి 10 గ్రెయిన్ల చొప్పున చూసుకో. నీ చేతిలో 42 పౌండ్లుంటే 420 గ్రెయిన్లు, అంటే దాదాపు 27 గ్రాములు. తేలిక బాణం వేగంగా పోతుంది గానీ విల్లు చప్పుడు పెరుగుతుంది, లోతుకు దిగదు. బాణం తోకకు ప్లాస్టిక్ రెక్కలు, అంటే వేన్లు, వద్దు. మన బాణం విల్లు అంచుని రాసుకుంటూ వెళ్తుంది కాబట్టి ఈకలే కావాలి, అవి తగలగానే అణిగి మళ్లీ లేస్తాయి. బాణాలకు కట్టే ఈకలు ఎక్కువగా టర్కీ రెక్క ఈకలే. ఒకే బాణానికి కుడి రెక్క ఈకలు, ఎడమ రెక్క ఈకలు కలపకూడదు, వాటి వంపులు వేరు.

ములికి, అంటే బ్రాడ్‌హెడ్, టెక్సస్‌లో టర్కీకి తప్పనిసరి. తగిలాక విచ్చుకునే మెకానికల్ రకాలు కాంపౌండ్ వాళ్లకి బాగానే ఉంటాయి. ఆ విచ్చుకోవడానికే బలం ఖర్చవుతుంది, మన విల్లులో అంత మిగులు లేదు. మెడ నరికే గిలెటిన్ రకాల జోలికీ పోవద్దు. రెండు లేదా మూడు అంచుల స్థిరమైన ములికి తీసుకుని, చేతి మీద వెంట్రుకలు తెగేంత సాన పట్టు.

దూరం పదిహేను గజాలు దాటితే వదలొద్దు. పుంజు ఎంత పెద్దగా కనిపించినా అందులో ఎక్కువ భాగం ఈకలే, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పిడికిలంత. అది పక్కకు తిరిగి ఉంటే రెక్క ఒంటికి అతికే చోట కొట్టాలి. ఎదురుగా ఉంటే రొమ్ము మీంచి వేలాడే కుచ్చు మొదట్లో. వీపు మనవైపు పెట్టి పురి విప్పి ఉంటే తోక ఈకలన్నీ కలిసే చోట.

ఆ చివరిదే మనకు అన్నిటికన్నా మంచి అవకాశం. టర్కీ చూపు మహా తీక్షణం, రంగులు కూడా చూడగలదు, విల్లు ఎత్తుతుంటేనే కనిపెట్టేస్తుంది. పురి విప్పి వెనక్కి తిరిగితే మాత్రం దాని తోకే దాని కళ్లకు అడ్డం. అందుకని కుర్ర పుంజు బొమ్మను, జేక్ డికాయ్ అంటారు, బ్లైండ్‌కి ఎనిమిది గజాల్లో, మనవైపు ముఖం పెట్టి నిలబెట్టు. పెద్ద పుంజు దానికి ఎదురుపడాలని వస్తుంది, అప్పుడు వీపు మనవైపు పడుతుంది. అది తిరిగిన క్షణంలో లాగు. బ్లైండ్ వెనక కిటికీలు మూసి, లోపల నల్ల చొక్కా వేసుకుని వెనక్కి జరిగి కూర్చో.

ఇంకొకటి, ఇది ప్రాణాలకు సంబంధించింది. ఎరుపు, తెలుపు, నీలం రంగులేవీ ఒంటి మీద ఉండకూడదు, సాక్సులు, చేతిరుమాలు కూడా. పుంజు తల ఆ రంగుల్లోనే ఉంటుంది, దూరాన తుపాకీ పట్టుకున్నవాడు పొరబడతాడు. కొట్టిన పక్షిని మోసుకొచ్చేటప్పుడు నారింజ రంగు గుడ్డలో చుట్టుకుని రా.

అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి, పెరట్లోంచి సాధన చెయ్యొద్దు, ఊరి నియమాలు, లీజు రెండూ చూసుకో. ఇండోర్ రేంజ్‌లో క్రమం తప్పకుండా చెయ్యి. కాకపోతే స్టూలు ఒకటి వెంట తీసుకెళ్లి, సగం బాణాలు దాని మీద కూర్చునే వెయ్యి. జనవరిలో మొదలుపెడితే ఏప్రిల్‌కి భుజం అలవాటు పడుతుంది. ఈలోగా మీ కొలీగ్‌ని అడిగి ఒకరోజు ఉత్త చేతులతో అతని రాంచ్‌కి వెళ్లు. తెల్లవారుజామున పుంజులు చెట్ల మీంచి ఎటు దిగుతున్నాయో చూసుకుని రా.