ఎండాకాలం, ఆరుబయట హౌజు, రంగు చేపలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ శాతం ఒకటే గోస, పెరట్లో వేసిన రంగు చేపలు ఎండలకు ఆగుతలేవని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చినం.

ప్రశ్న: నమస్తే సార్, మాది మిర్యాలగూడ. పెరట్లో సిమెంటు హౌజు కట్టించి చలికాలం పోయినంక గప్పీలు, మోలీలు, రెండు జతల ఏంజెల్, నాలుగు గోల్డ్ ఫిష్ వేసినం. హౌజు నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, లోతు అడుగున్నర. ఏప్రిల్ నడిమిట్ల నుంచి ఒకటో రెండో చస్తనే ఉన్నయి. విచిత్రం ఏందంటే మిట్ట మధ్యాహ్నం చూస్తే మంచిగనే తిరుగుతున్నయి, తెల్లారి లేచి చూస్తే తేలి ఉంటున్నయి. ఎండకే చస్తే మధ్యాహ్నం చావాలె గదా? నీళ్లు కూడా ఆకుపచ్చగా అయినయి.
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: మీరు మంచిగ గమనించిన్రు, అసలు సంగతి అక్కడనే ఉంది. చేపను ఎండ నేరుగా చంపుడు తక్కువ, ఊపిరి ఆడకనే ఎక్కువ చస్తయి. నీళ్లు ఎంత వేడెక్కితే ఆక్సిజన్ అంత తక్కువ పట్టుకుంటయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతది, అవే నీళ్లు 35 డిగ్రీలకు పోతే 7 దగ్గరికి పడిపోతది, మళ్ల అదే వేడికి చేప ఒంట్లో పని ఎక్కువై దానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతది. అంటే ఒకపక్క సరుకు తగ్గె, ఇంకోపక్క గిరాకీ పెరిగె.

ఇగ ఆ ఆకుపచ్చ రంగు సంగతి. అది కంటికి కనపడని సన్న నాచు. పగలు ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ వదులుతనే ఉంటది కాబట్టి మధ్యాహ్నం మీ చేపలు మంచిగ తిరిగినయి. పొద్దుగూకినంక ఆ నాచు కూడా చేపల లెక్కనే ఆక్సిజన్ పీల్చుడు మొదలుపెడ్తది, అడుగున కుళ్లే మేత, ఆకులు కూడా తీసుకుంటయి, అట్ల తగ్గుకుంట తగ్గుకుంట సూర్యుడు పొడిచే ముందు అన్నిటికంటే తక్కువ ఉంటది. ఒకరోజు నాలుగున్నర ఐదు గంటలకు లేచి టార్చి వేసి చూడండి. చేపలు అన్నీ పైకొచ్చి మూతులు నీళ్ల అంచుకు ఆనిచ్చి గబగబా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటయి, నత్తలు ఉంటే అవి గోడ పట్టుకొని నీళ్ల పైకి పాకి ఉంటయి. అది కనపడ్డదంటే ఇంకో రెండు మూడు రోజుల్లో చావులు తప్పవని అర్థం.

అప్పటికప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది, ఒక చెంబు తీసుకొని అదే హౌజు నీళ్లు ముంచి మూడడుగుల ఎత్తు నుంచి ధార కట్టి పోస్తూ ఉండండి, పావుగంట అట్ల చేస్తే చేపలు కిందికి దిగుడు మీకే కనపడ్తది. తర్వాత ఎయిర్ పంపు పెట్టండి. చాలామంది పగలు ఆన్ చేసి కరెంటు బిల్లు అని రాత్రి బంద్ చేస్తరు, అది ఉల్టా, పంపు తప్పకుండా నడవాల్సింది రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా. గాలిదుమారం రాత్రులు కరెంటు పోతది కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి, అక్వేరియం షాపుల్లో దొరుకుతది.

మీ హౌజుకు ఇంకో లోపం లోతు. అడుగులల్ల పొడుగు, వెడల్పు, లోతు గుణించి 28తో హెచ్చవేస్తే లీటర్లు వస్తయి, మీది 500 చిల్లర. గోడలు ఇంకో అడుగు లేపితే 850 దగ్గరికి పోతది, నీళ్లు ఎక్కువైన కొద్దీ వేడెక్కుడు నిదానం అయితది. గోడ కట్టిస్తే కొత్త సిమెంటులోని సున్నం దిగి నీళ్లు ఘాటైతయి కాబట్టి ముందు చేపలను వేరే తొట్లోకి మార్చి, హౌజులో నీళ్లు నింపి నాలుగైదు రోజులు ఉంచి తీసేయాలె, అట్ల మూడు నాలుగుసార్లు చేసినంకనే మళ్ల వేయాలె. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే అలవాటు కూడా ఉంది, మంచిదే, అయితే ఆ నీళ్లు మొత్తం పారబోసినంకనే చేపలు.

నీడకు ఎండను 50 శాతం ఆపే గ్రీన్ నెట్ అయినా సరే తాటికమ్మల పందిరి అయినా సరే, నీళ్లకూ నెట్‌కూ నడుమ రెండడుగుల సందు ఉండాలె, గాలి ఆడాలె. పడమర దిక్కు మాత్రం కిందిదాకా వేలాడేయండి, ఎందుకంటే మన దగ్గర రెండు నుంచి ఐదున్నర దాకా కొట్టే పడమటెండ గోడను కాలుస్తది, ఆ గోడ రాత్రి తొమ్మిదయినా నీళ్లకు వేడి ఇస్తనే ఉంటది. గోడల బయటికి తడి గోనె సంచులు కట్టి పొద్దున, మధ్యాహ్నం తడుపుతూ ఉంటే చాలా తేడా వస్తది. వేపచెట్టు నీడ చల్లగుంటది నిజమే, కానీ మే, జూన్‌లో వేపపండ్లు రాలి నీళ్లలో కుళ్లుతయి, గింజలో చేపలకు పడని గుణం ఉంది, అందుకే చెట్టు కింద ఉంటే పైన సన్న జాలీ తప్పనిసరి. అంతరతామర, కలువ ఆకులు సగం నీళ్లు కప్పితే చాలు, మొత్తం కప్పితే గాలి తగలక మొదటికే మోసం.

మేత సగానికి తగ్గించండి, పొద్దున చల్లపూట ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేంత. వేడికి, అందులో పచ్చనీళ్లకు మధ్యాహ్నం పీహెచ్, అంటే నీళ్ల క్షారగుణం, పెరిగితే, మిగిలిన మేత నుంచి, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఇంకా విషం అయితది. గోల్డ్ ఫిష్ అసలు ట్రాపికల్ చేపనే కాదు, చల్లనీళ్లది, దాన్ని ఇంట్లోకి మార్చండి. ఏంజెల్ వేడికి ఓర్చుకుంటది కానీ గప్పీ పిల్లలను ఉంచదు, అది మీ ఇష్టం.

ప్రశ్న: అన్నా, మధ్యాహ్నం తొట్లో చేయి పెడితే నీళ్లు ఉడుకుడుకుగా ఉంటున్నయి. ఫ్రిజ్‌ల ఐస్ గడ్డలు వేయొచ్చా? లేకుంటే పైపు పెట్టి నీళ్లన్నీ మార్చుదునా?
(ఒక పాఠకురాలు, వనపర్తి)

జవాబు: చెల్లె, రెండూ వద్దు. ఐస్ నేరుగా వేస్తే గడ్డ ఉన్న చోట ఒక్కసారే చల్లబడ్తది, చేప 36 డిగ్రీల వేడినన్నా కొంతసేపు ఓర్చుకుంటది గాని పది నిమిషాల్లో ఆరేడు డిగ్రీలు పడితే తట్టుకోలేదు. వాటర్ బాటిల్లో నీళ్లు గడ్డ కట్టించి మూత బిగించి ఒక్కటి తేలేయండి, కొంచెం పనికొస్తది, అదీ వంద లీటర్ల లోపు తొట్టికే.

పైపు సంగతి ఇంకా జాగ్రత్త. మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు ఉంటది చూడండి, మే నెల మధ్యాహ్నం ఆ నల్లా తిప్పితే చేయి కాలుతది గదా, ఆ నీళ్లనే చల్లబడ్తయి అనుకొని తొట్లో వదిలితే చేపలు నిమిషాల్లో పోతయి. నీళ్లు మార్చుడు ఎప్పుడైనా పొద్దున ఆరు ఏడు గంటలకే, పావు వంతే, రెండు మూడు రోజులకోసారి. ఇంకోటి, ఎండకు నీళ్లు ఇగిరిపోతయి కదా, రోజూ తగ్గినంత పైన పోసుకుంట పోతే ఉప్పు, మురికి అంతా లోపలనే చిక్కబడ్తది. ముందు అడుగు నుంచి సన్న పైపుతో ఒక బకెట్ గుంజి పారబోసి తర్వాత పోయండి. ఆ బకెట్ నీళ్లు పూలచెట్లకు పోస్తే వాటికి మంచి ఎరువు.

నల్లటి ప్లాస్టిక్ తొట్టి అయితే సగం దాకా భూమిలో పాతేయండి, ఇది కూడా మంచిగ పనిచేస్తది.

ప్రశ్న: సార్, మా బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంది, తాగేందుకు వాడం. ఈ నీళ్లు చేపలకు పోయొచ్చా? ఫిల్టర్ నీళ్లు కొని పోయాల్నా?
(ఒక పాఠకుడు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా)

జవాబు: మీ దిక్కు మనుషులు ఈ నీళ్లతో ఎంత బాధపడ్డరో తెలుసు కాబట్టి ఈ అనుమానం రావుడు సహజం. మనిషికి లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ఏండ్ల మీద పండ్లు, ఎముకలు దెబ్బతింటయి. చేపల లెక్క వేరు. మన బోరు నీళ్లలో సున్నపు గుణం, అంటే గట్టిదనం ఎక్కువ, అది ఫ్లోరైడ్ పోటును తగ్గిస్తది, పైగా గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ గట్టి నీళ్లలోనే మంచిగ పెరుగుతయి, మోలీకైతే అవే ఇష్టం. టెట్రాలు, డిస్కస్ లాంటివి మాత్రం మెత్తటి నీళ్లవి, మన బోర్లకు అవి వద్దు, ఎవరు ఎంత చెప్పినా కొనకండి.

ఫిల్టర్ ప్లాంటు నీళ్లలో లవణాలు చాలావరకు పోతయి, ఒట్టి ఆ నీళ్లు పోస్తే చేపలకు మంచిది కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరు మీదనే నల్గొండ టెక్నిక్ అని పేరుంది, నాగపూర్‌ల నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, అది తాగునీళ్ల కోసం చేసింది, హౌజులో పటిక వేసి ప్రయోగాలు చేయకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటది, ఒక రోజంతా మూత లేకుండా ఎండలో పెట్టి చల్లారినంక పోయండి, తొందర ఉంటే షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు అడగండి. బోరు నీళ్లను కూడా పంపు నుంచి నేరుగా వదలొద్దు, భూమి లోపలి నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ ఉంటది, డ్రమ్ములో పట్టి ఎత్తు నుంచి పోసుకుంట కొంచెంసేపు ఉంచాలె.

ప్రశ్న: రంగు చేపలల్ల ఒక రెండు కొర్రమట్ట పిల్లలు వేద్దామనుకుంటున్న, వేయొచ్చా?
(ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: వద్దు తమ్మీ. కొర్రమట్ట మన రాష్ట్ర చేప, పైకొచ్చి గాలి కూడా మింగుతది కాబట్టి ఎండకు అదే నిలబడ్తది, కానీ గప్పీలను ఒక్కటి మిగలనీయకుండ తింటది. గాలి మింగే రంగు చేపలే కావాలంటే గౌరామీ వేయండి.

ప్రశ్న: అక్వేరియం సాఫ్ చేస్తదంటే సక్కర్ చేపను తెచ్చినం, ఇప్పుడు జానెడు దాటింది, హౌజులో మిగతా వాటిని ఉండనిస్తలేదు. చంపబుద్ధి కాక ఊరి చెరువులో వదిలేద్దామంటున్నరు ఇంట్లో.
(ఒక పాఠకురాలు, దేవరకొండ)

జవాబు: మీ మంచిమనసు అర్థమైంది, కానీ దయచేసి వదలకండి, చేతులు జోడించి చెప్తున్న. ఇది దక్షిణ అమెరికా చేప. ఒంటి మీద గట్టి పెంకులు, ముళ్లు ఉండుట్ల మన చేపలు గాని పక్షులు గాని దీన్ని తినుడు కష్టం. జాలర్లు దీన్నే దెయ్యం చేప అంటున్నరు, కృష్ణా నదిలో కూడా వలలకు పడుతున్నది. వలలో చిక్కితే వల చిరుగుతది, అమ్ముదామంటే కొనేవాడు ఉండడు. గుడ్లు పెట్టేందుకు గట్టులో బొరియలు తవ్వుతది, చెరువుకట్టలు మట్టికట్టలే అయిన మన ఊర్లకు ఇది ఎంత నష్టమో ఆలోచించండి. రవ్వు, బొచ్చె పిల్లలు పోసుకొని చెరువు మీద బతికే కుటుంబాలు ఉన్నయి, మీరు వదిలేది ఒక్కటే అయినా ఇంకో ఇంటివాళ్లు ఇంకోటి వదులుతరు, జత అయితది. కొన్న షాపుకే వాపస్ ఇవ్వండి, తీసుకోకుంటే పెద్ద అక్వేరియం ఉన్నవాళ్లకు ఇవ్వండి. గప్పీలు కూడా చెరువులల్ల, వాగులల్ల వదలొద్దు, దోమలను తగ్గించేందుకు మంచివే గాని అవి మన ఇంటి గోలెంలోనే ఉండాలె.

ప్రశ్న: ఎండంతా కాపాడుకుంటొచ్చినం సార్, పోయిన యేడు తొలకరి వానకు తెల్లారేసరికి సగం చేపలు చచ్చినయి. వానకు చల్లబడితే బతకాలె గదా?
(ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: ఇది చాలామందికి జరుగుతది. రోహిణిలో రోళ్లు పగులుతయి అంటరు, ఆ రోజులు గండం అని అందరం జాగ్రత్తగుంటం, మృగశిర రాంగనే ఇగ గండం దాటిందని పందిరి తీసేస్తం, దెబ్బ అప్పుడు పడ్తది. ఎండకు పైనీళ్లు వేడిగా, అడుగునీళ్లు కొంచెం చల్లగా రెండు పొరల లెక్క ఉంటయి, గాలిదుమారం వచ్చి వాన దంచంగనే రెండూ కలుస్తయి, అడుగు బురదలో పేరుకున్న గ్యాసు పైకొస్తది, కుళ్లిన గుడ్డు వాసన వస్తే అదే. దానికి తోడు మబ్బు పట్టి ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇయ్యది. ఇంటికప్పు మీది నెలల దుమ్ము, పిట్టల రెట్ట అంతా మొదటి వానకు గొట్టం గుండా హౌజులోకే వస్తే ఇంక చెప్పేదేముంది.

అందుకే మే ఆఖరుకే అడుగు బురద కొద్దికొద్దిగా, వారం రోజుల మీద, పైపుతో గుంజేయండి, ఒక్కరోజే కలిపి కెలకొద్దు. మిద్దె గొట్టాన్ని పక్కకు తిప్పండి. హౌజు పైఅంచుకు మూడంగుళాల కింద ఒక పైపు పెట్టించి జాలీ కట్టండి, ఎక్కువైన నీళ్లు దాంట్లోకెళ్లి పోతయి, లేకుంటే నీళ్లతోని చేపలు కూడా వాకిట్లకు కొట్టుకొస్తయి. మబ్బు కనపడంగనే ఎయిర్ పంపు వేయండి, ఆ రాత్రి మేత వేయొద్దు. తెల్లారి అడుగు నుంచి పావు వంతు నీళ్లు తీసి, డ్రమ్ములో పట్టి ఉంచినవి పోయండి.

ఆ వానయినంక వారం పది రోజులు చేపలను దగ్గర నుంచి చూడండి. ఒంటి మీద, రెక్కల మీద చక్కెర చల్లినట్టు తెల్లటి చుక్కలు, గోడకు రాసుకునుడు కనపడితే వైట్ స్పాట్, నీళ్ల వేడి ఒక్కసారే తగ్గినప్పుడు వచ్చే రోగం. అయొడిన్ కలపని దొడ్డుప్పు లీటరుకు రెండు గ్రాముల లెక్కన, అంటే 500 లీటర్ల హౌజుకు కిలో, ఒక్కసారే పోయకుండా విడిగా బకెట్‌లో కరిగించి రెండు రోజుల్లో మూడు విడతలుగా వేయండి, అంతకంటే ముందు కలువ, అంతరతామర తీసి వేరే తొట్లో పెట్టండి, ఉప్పుకు అవి ఆగవు. గప్పీ, మోలీలకు ఈ ఉప్పుతో ఇబ్బంది లేదు. చుక్కలు పోయినంక కూడా ఇంకో వారం ఉంచి, ఆ తర్వాత నీళ్లు మార్చుకుంట ఉప్పు తగ్గించుకోండి.